రష్యా చమురు జరిమానా, మా రొయ్యల చెరువు

భీమవరంలో రొయ్యల మేత, మందులు అమ్మే కొట్లో లెక్కలు రాస్తాను. ఖాతా చూసుకోవడానికి వచ్చిన రైతులు బెంచీ మీద కూర్చుని కాసేపు మాట్లాడకుండా వెళ్ళరు. ఇదివరకు ఆ మాటలన్నీ రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ రోగం గురించో, సీడ్ (చెరువులో వేసే పిల్ల రొయ్యల) నాణ్యత గురించో, కరెంటు కోతల గురించో ఉండేవి. 2025 ఆగస్టు నుంచి ట్రంప్, పుతిన్, చమురు. అంతసేపూ మాట్లాడాక కూడా లేచి వెళ్తూ ఎవరో ఒకరు "అయినా పెద్దోళ్ళ గొడవలు మనకెందుకమ్మా" అంటారు. ఆ మాటకి నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో కొట్లో నిలబడి చెప్పే తీరిక ఉండదు కనక ఇక్కడ రాస్తున్నాను.

ముందు రొయ్య సంగతి. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ దేశాల వారీగా సుంకాల పట్టిక చూపించినప్పుడు మన దేశం పక్కన 26 శాతం అని ఉంది. వారం తిరిగేసరికి దాన్ని 90 రోజులు ఆపి, 10 శాతం మాత్రం ఉంచారు. ఆ వారంలోనే మా దగ్గర కొనేవాళ్ళు కిలోకి పదుల రూపాయల్లో రేటు దించేశారు. సుంకం ఆగిందని తెలిసినా దిగిన రేటు అంత తొందరగా లేవలేదు. తర్వాత ఆగస్టు 7 నుంచి 25 శాతం పడింది. ఆగస్టు 27 నుంచి దాని మీద ఇంకో 25. మరీ చవగ్గా అమ్ముతున్నారనీ, ప్రభుత్వ రాయితీ పొందుతున్నారనీ రొయ్యల మీద అంతకుముందే వేసిన యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిపితే మొత్తం 58 శాతం దాకా పోయింది. మనతో పోటీ పడే ఈక్వడార్‌కి అప్పుడు 15, ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20.

ఆ రెండో 25 శాతం గురించే నా బాధంతా. మొదటిది వ్యాపార తగాదా అనుకోవచ్చు. మన సుంకాలు ఎక్కువని వాళ్ళంటారు, పాడి రైతుని కాపాడుకోవాలని మనమంటాం, కూర్చుని తేల్చుకోవచ్చు. రెండోది మాత్రం రష్యా దగ్గర చమురు కొన్నందుకు వేసిన జరిమానా, 2026 ఫిబ్రవరిలో గానీ దాన్ని తీసేయలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్ళింది. పడమటి దేశాలు రష్యా చమురు వద్దనుకున్నాయి. అది చవగ్గా దొరకడంతో మన రిఫైనరీలు కొన్నాయి. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో 2 శాతం కూడా లేని రష్యా చమురు, తర్వాత మూడో వంతు దాటింది. అప్పట్లో అమెరికా దీన్ని పెద్దగా కాదనలేదు కూడా. చైనా అప్పుడు మనకంటే ఎక్కువే కొంటున్నా, దానికి ఈ జరిమానా వేయలేదు.

సరే, చవక చమురు వచ్చింది కదా, దాని లాభం మా దాకా ఎంత వచ్చిందో చూద్దాం. 2024 మార్చిలో, ఎన్నికల ముందు, పెట్రోలు డీజిలు లీటరుకి 2 రూపాయలు తగ్గించారు. మా బంకులో పెట్రోలు ఇప్పటికీ వంద పైనే. కరెంటు పోయిన రాత్రి చెరువు గట్టు మీద నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిప్పడానికి జనరేటర్‌లో పోసే డీజిలు ఏ మాత్రం చవకైందని ఏ రైతూ నాతో అనలేదు. చమురు చవగ్గా దొరికినప్పుడు లాభం మా గట్టుదాకా రాలేదు. దానికి జరిమానా పడినప్పుడు మాత్రం నేరుగా మా చెరువులోకే వచ్చింది.

మా చెరువుల్లో పెంచే వనామి రొయ్య మనది కాదని కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. ఇక్కడ టైగర్ రొయ్య వైట్ స్పాట్‌తో దెబ్బతిని రైతులు అప్పుల్లో మునిగాక, 2009లో వనామికి అనుమతి ఇచ్చారు. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా నుంచి విమానంలో దిగుతాయి. హ్యాచరీల్లో పిల్లలు పుడతాయి, మా చెరువుల్లో పెరుగుతాయి, ప్లాంటులో తలా పొట్టూ తీయించుకుని, గడ్డకట్టి, మళ్ళీ అమెరికాకే వెళ్తాయి. 2024-25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. ఫ్రోజెన్ రొయ్య ఒక్కటే 7 లక్షల టన్నుల పైమాట. అందులో 3 లక్షల టన్నులకి పైగా కొన్నది అమెరికా. ఇంత పెద్ద సరుకు ఒక్క గుమ్మం ముందు పెట్టుకుని కూర్చోవడం తప్పని చెప్పినవాళ్ళు మొదట్నుంచీ ఉన్నారు. వినే స్థితిలో ఎవరున్నారు? పెద్ద రొయ్యకి అక్కడే రేటు. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. 30 కౌంట్, 40 కౌంట్ తీస్తేనే లీజు, మేత, సీడ్ అప్పులు పోగా నాలుగు డబ్బులు మిగిలేవి.

2025 సెప్టెంబరులో మా బాబాయి 30 కౌంట్‌కి ఆగకుండా 60 దగ్గరే పట్టుబడి పెట్టేశాడు. "ఆగితే రోగం వస్తదో, ట్రంప్ వస్తాడో తెలీట్లేదే అమ్మాయ్" అన్నాడు. ఆయన లీజు రైతు. చెరువు యజమాని ఊళ్ళో ఉండడు. లీజు డబ్బు ముందే కట్టాలి. సుంకం పెరిగిందని లీజు తగ్గదు, మేత బస్తా ధర తగ్గదు, వడ్డీ ఆగదు. అమెరికాలో కొనేవాడు తన భారం ఎగుమతిదారు మీద వేస్తాడు. ఎగుమతిదారు ఏజెంటు మీద, ఏజెంటు రైతు మీద. రైతు ఇంకెవరి మీద వేయాలి? గట్టు మీద కాపలా ఉండే కుర్రాడి జీతం మీద వేయాలి. అదీ జరిగింది. నా ఖాతా పుస్తకంలో రైతు పేరు వరకే ఉంటుంది. ఆ కుర్రాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ప్లాంటుల్లో పనిచేసే ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. తెల్లారకముందే ఊళ్ళ నుంచి బస్సుల్లో తీసుకెళ్తారు. చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి, సాయంత్రానికి వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఇంటికొస్తారు. అమెరికా వాడు కొనేది ఎక్కువగా ఇలా ఒలిచిన సరుకే. చైనా వాడు తలతో ఉన్నది తీసుకుంటాడు. అంటే అమెరికా ఆర్డరు పోయి చైనా ఆర్డరు వస్తే, ఎగుమతి లెక్కల్లో టన్నులు సరిపోతాయి గానీ ఒలిచే పని మిగలదు. బస్సు రెండు రోజులకోసారి వస్తుంది, తర్వాత రాదు. మా వీధిలో ఇద్దరు అక్కలు అలా ఇంట్లో కూర్చున్నారు. ఎగుమతులు నిలదొక్కుకున్నాయని పేపర్లో చదివినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు.

కొట్లో మాట్లాడేవాళ్ళు రెండు జట్లు. మనం వంగకూడదు, రష్యా చమురు కొనే తీరాలి అనేది ఒక జట్టు. ఆ చమురేదో మానేసి మన రొయ్య బతికించండి అనేది ఇంకొకటి. దేశం తన చమురు ఎక్కడ కొనాలో తనే నిర్ణయించుకోవాలి అనే మాట నాకూ న్యాయంగానే కనిపిస్తుంది. ఇంకోడు బెదిరిస్తే మానేసే విధానం విధానమే కాదు. అయితే ఆ నిర్ణయానికి ఖరీదు ఉన్నప్పుడు, ఆ ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా దేశమే చూడాలి. చమురు కొన్నది దేశం కోసం అయితే, దాని జరిమానా ఒక్క భీమవరం, బట్టలు కుట్టే ఒక్క తిరుపూరు, వజ్రాలు సానబట్టే ఒక్క సూరత్ ఎందుకు కట్టాలి?

మా డెల్టాలో శివారు భూములున్నవాళ్ళకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ధవళేశ్వరంలో తలుపులు ఎప్పుడెత్తాలో, ఎంత వదలాలో పైన నిర్ణయిస్తారు. కాలవ మొదట్లో ఉన్నవాడికి నీళ్ళు ముందొస్తాయి. మొగల్తూరు వైపు శివారు రైతుకి దాళ్వాలో (రెండో పంటలో) నీళ్ళు చివర్న వస్తాయి, ఒక్కోసారి రావు. వానలు పడ్డప్పుడు మాత్రం పైవాళ్ళ మురుగంతా ముందు అతని చేలోనే నిలుస్తుంది. ప్రపంచ రాజకీయాల్లో మనం ఎక్కడున్నామంటే అక్కడ, ఆ శివారులో ఉన్నాం. శివారు రైతు పై సంగతులు నాకెందుకని ఊరుకోడు. వాడికే ఎక్కువ కావాలి ఆ సంగతులు. కాలవ చూసుకునే లస్కరుని అడుగుతాడు, లాకుల దగ్గరకి పోతాడు, రాత్రి సైకిలేసుకుని కాలవ గట్టంట తిరుగుతాడు.

పెద్దోళ్ళ గొడవలు మనవీ అనే ఈ పట్టు నాకు మా అమ్మ వల్ల వచ్చింది.

మాది రాజోలు దగ్గర ఊరు. అమ్మ 1984లో కువైట్ వెళ్ళింది, అరబ్బుల ఇంట్లో వంటకీ పిల్లల పనికీ. కోనసీమలో అలా వెళ్ళని ఆడవాళ్ళున్న వీధి లేదు. నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు నేను పదో తరగతి. మా ఇంట్లో ఫోన్ లేదు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలకి పక్కింటి రేడియో చుట్టూ వీధి వీధంతా చేరేది. కువైట్ అనే మాట వినపడగానే ఆడవాళ్ళందరూ ఒక్కసారి "ష్ష్" అనేవాళ్ళు. తర్వాత వార్త అయిపోయేది. మా వాళ్ళ పేర్లు ఎందుకు చెప్తారు?

అమ్మ పనిచేసే కుటుంబం సౌదీకి వెళ్ళిపోయింది, ఆవిణ్ణి తీసుకెళ్ళలేదు. తెలుగు ఆడవాళ్ళు కొందరు కలిసి ఒక మలయాళీ కుటుంబం వెంట బస్సు పట్టుకున్నారు. బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాలు. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు తోపులాటలో అమ్మ చెయ్యి విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. ఆ రెండు నెలల్లో లక్షా 70 వేల మందిని మన ప్రభుత్వం అలా తెచ్చింది. అంతమందిని పౌర విమానాల్లో తరలించడం అదివరకు ఎక్కడా జరగలేదంటారు. దసరా వెళ్ళాక ఒక రోజు మధ్యాహ్నం చించినాడ రేవు నుంచి పంటు దాటి, చేతికి కట్టుతో, ఒక గుడ్డ సంచీతో ఇంటికి వచ్చింది. ఆరేళ్ళ సంపాదనలో చేతికి మిగిలింది ఆ సంచీయే. దాచుకున్న దినార్లు అప్పటికి ఎందుకూ పనికిరావు.

మా వంశంలో ఇలా దేశం కాని దేశం నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చింది అమ్మ ఒక్కతే కాదు. అమ్మమ్మ తండ్రి బర్మాలోని రంగంలో, అంటే రంగూన్‌లో, ధాన్యం మిల్లు కూలీ. గోదావరి జిల్లాల నుంచి రంగూన్ పనికి వెళ్ళడం అప్పట్లో మామూలే, ఓడలు కాకినాడ నుంచే పోయేవి. 1942 మార్చిలో జపాన్ రంగూన్ పట్టుకుంది. లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటుకుంటూ నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆయన ఇంకా దారిలో ఉండగానే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులు వేశాయి. వదిలి వచ్చిన చోటా యుద్ధమే, వస్తున్న చోటా యుద్ధమే. ఆయన నష్టం గురించి ఎవరూ అడగలేదు.

అమ్మ నష్టం గురించి మాత్రం అడిగారు. ఇది చాలామందికి తెలియని సంగతి, అందుకే కాస్త వివరంగా చెప్తాను. 1991లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఒక పరిహార సంఘం పెట్టింది. ఇరాక్ దాడి వల్ల నష్టపోయినవాళ్ళు ఎవరైనా తమ ప్రభుత్వం ద్వారా క్లెయిము పెట్టుకోవచ్చు. పెద్ద చమురు కంపెనీలకీ ఫారం ఉంది, ఇళ్ళలో పనిచేసిన ఆడవాళ్ళకీ ఫారం ఉంది. అంతేకాదు, మనుషుల క్లెయిములే ముందు తేల్చాలని పెట్టుకున్నారు. కువైట్ వదిలి రావాల్సి వచ్చినందుకు ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, వేరే క్లెయిములేవీ పెట్టకపోతే 4,000. పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం, సంతకం రానివాళ్ళకి వేలిముద్ర. మా హైస్కూల్ మాస్టారు ఒకాయన వరండాలో కూర్చుని ఊళ్ళో ఆడవాళ్ళందరి ఫారాలూ నింపాడు. డబ్బు తొంభైల చివర్లో వచ్చింది. అదివరకు పెంకుటిల్లు, ఆ డబ్బుతో డాబా అయింది.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఇరాక్ అమ్మే చమురు మీద వచ్చే ఆదాయంలో 30 శాతం ఆ పరిహార నిధికి పోయేది, తర్వాత ఆ వాటా తగ్గిస్తూ వచ్చారు. అదే కాలంలో ఆంక్షల వల్ల ఇరాక్ ఆసుపత్రుల్లో మందులు లేవు. పిల్లలు చనిపోతున్నారని అప్పుడే పేపర్లలో వచ్చేది. యుద్ధం మొదలుపెట్టిన సద్దాం రాజభవనాలు కట్టుకుంటూనే ఉన్నాడు. జరిమానా కట్టింది అతని జనం. అంటే మా అమ్మకి జరిగిన న్యాయం ఇంకో శివారు మనిషి నోటి దగ్గరది తీసి చేశారు. అమ్మకి ఈ సంగతి నేను కాలేజీలో ఉన్నప్పుడు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బాగ్దాద్‌లో ఒక ముసలామె బస్సు కిటికీలోంచి మాకు రొట్టెలు అందించిందే" అంది. ఆ పరిహారం చివరి వాయిదా 2022 జనవరిలో కట్టారు. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ముప్ఫై ఏళ్ళు పట్టింది.

అందుకే టీవీలో యుద్ధాన్ని చూపించే తీరు నేను భరించలేను. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకున్నప్పుడు తెర మీద క్షిపణి బొమ్మలు, కింద ఎవరిది పైచేయి అనే అక్షరాలు, వెనక సైరన్ మోత. జూన్ 23 రాత్రి ఖతార్‌లో ఉన్న అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఖతార్, కువైట్, బహ్రెయిన్ ఆకాశం మూసేశాయి. మా పిన్ని కూతురు కువైట్‌లో 20 నంబరు వీసా మీద ఇంటి పని చేస్తోంది. ఫోన్ తీయలేదు. పిన్నికి బీపీ, ఒకటే టెన్షన్. రాత్రంతా పక్కన కూర్చున్నాం. తెల్లవారుజామున వాట్సాప్‌లో వాయిస్ వచ్చింది, "మేడమ్ ఫోన్లు తీసేసుకుందమ్మా, బాగానే ఉన్నాను" అని. ఆ రాత్రి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో దీపం ఆర్పలేదో ఏ చానెలూ చెప్పలేదు. గెలుపోటముల పట్టికలో ఆ ఇళ్ళకి గడి లేదు. యుద్ధం ఎవరిదైనా సరే, చూస్తూ చప్పట్లు కొట్టే జట్టులో నేను ఉండను.

యూరియా సంగతి త్వరగా చెప్పేస్తాను, అందరికీ అనుభవమే. 2025 సార్వాలో (మొదటి పంటలో) ఆధార్ కార్డు పట్టుకుని సొసైటీల ముందు నిలబడ్డారు. చైనా తన ఎగుమతులు బిగించింది, గల్ఫ్‌లో గొడవ వల్ల అక్కడి సరుకూ కుంటుపడింది. మన దగ్గర యూరియా చేయడానికి వాడే గ్యాసులో ఎక్కువ భాగం బయటిదే. పొటాష్ అయితే మొత్తం దిగుమతే. గ్యాసు నిక్షేపాల మీద కాపురం ఉంటున్న కోనసీమ రైతు యూరియా బస్తా కోసం వరసలో నిలబడటం చూస్తే కడుపు మండుతుంది.

శివారు, శివారు అని మన గురించే చెప్పుకుంటే సరిపోదు. మనం పై రైతులుగా ఉన్న కాలవ కూడా ఒకటుంది. అది బియ్యం. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనది. కాకినాడ నుంచి ఓడల్లో వెళ్ళే బియ్యం బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్, సెనెగల్ దాకా పోతుంది. మనం కోళ్ళకి వేసే నూకలు సెనెగల్‌లో పండగ వంట. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసింది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. ఇక్కడ ధరలు పెరగకూడదని. ఆ కారణం తప్పని నేననను, ఇక్కడా బియ్యం కొనుక్కుని తినేవాళ్ళే ఎక్కువ. తెల్ల బియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా ఉంది, నూకల మీద 2025 మార్చి దాకా. ఆ రోజుల్లో ఆఫ్రికా రేవుల్లో బియ్యం కొట్టు దగ్గర నిలబడ్డ ఒక ఆడమనిషి, ఢిల్లీ వాళ్ళ గొడవకి నా గంజి ఎందుకు పోవాలి అని అనుకుని ఉంటుంది. నేను ట్రంప్‌ని అడిగేదీ అదే. మా మిల్లర్లు అప్పట్లో తమ నష్టం గురించి చాలా మాట్లాడారు. ఆవిడ నష్టం గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. మనకి న్యాయం కావాలంటే ఆవిడకీ కావాలని అనాలి. లేకపోతే మనం అడిగేది న్యాయం కాదు, మన వాటా మాత్రమే.

2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అరటి పడిపోయింది, ఈనే దశలో ఉన్న వరి నీళ్ళలో ఒరిగింది, చెరువుల గట్లు తెగాయి. సుంకం దెబ్బకి ఇంకా లేవని రైతు మీదే ఇదీ పడింది. ఆ నవంబరులోనే బ్రెజిల్‌లో బెలేం నగరంలో వాతావరణ సదస్సు నడిచింది. వాతావరణ మార్పు వల్ల నష్టపోయే పేద దేశాలకి సాయం చేయడానికి ఒక నిధి పెడతామని 2022లోనే ఒప్పుకున్నారు. అంతర్వేదిలో సముద్రం ముందుకొచ్చి కొబ్బరి చెట్లు కూలుతున్నాయి. ఆ చెట్ల యజమాని ఏ ఫారం మీద, ఎవరికి రాయాలి? నిధి ఉంది, ఫారం లేదు.

నేను తిరిగి తిరిగి ఫారం దగ్గరకే వస్తున్నాను. కారణం ఉంది. మా అమ్మకి పరిహారం రావడానికి పెద్దవాళ్ళ దయ ఎంత కారణమో నాకు తెలీదు గానీ, వరండాలో కూర్చున్న ఆ మాస్టారు మాత్రం కచ్చితంగా కారణం. ఎవరు, ఎక్కడ పనిచేశారు, ఏం పోగొట్టుకున్నారు అని పేరు పేరునా కాగితం మీద ఉంది కనక న్యూఢిల్లీ దాకా, ఆ పరిహార సంఘం ఉన్న జెనీవా దాకా వెళ్ళింది. రంగం నుంచి నడిచొచ్చిన ముత్తాతకి ఆ కాగితం లేదు. ఈసారి సుంకాల వల్ల రొయ్యల రంగానికి ఇన్ని వేల కోట్ల నష్టం అని సంఘాలు అంటున్నాయి, మంత్రులు అంటున్నారు. ఆ మొత్తంలో మా బాబాయి లీజు చెరువు ఎంత, కాపలా కుర్రాడి జీతం ఎంత, పక్క వీధి అక్కల కూలి ఎంత? అలా విడగొట్టి రాసినవాళ్ళు లేరు. మొత్తంగా చెప్పిన నష్టానికి సాయం వస్తే మొత్తంగానే పెద్దవాళ్ళ ఖాతాలో పడుతుంది.

కొత్త గుమ్మాలు తెరుచుకుంటున్న మాట నిజమే. 2025 జులై 24న బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, దాని ప్రకారం మన రొయ్యకి అక్కడ సుంకం ఉండదు. ఆ సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య మన దేశంలో సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసే ఇంకో 102 యూనిట్లకి అనుమతి ఇచ్చింది. 2026 ఫిబ్రవరిలో అమెరికాతోనూ ఏదో ఒకటి కుదిరింది. దాంతో 2025 ఆగస్టు నుంచి పోయినదంతా మర్చిపోతారని నా భయం. అప్పు మర్చిపోదు. నా ఎదురుగా ఉన్న ఖాతా పుస్తకంలో అది నెల నెలా పెరుగుతోంది.

అందుకని ఒక పని మొదలుపెట్టాను. లీజు రైతులు, సొంత చెరువు రైతులు తమ నష్టం రాసుకోవడానికి ఒక పేజీ ఫారం తయారు చేశాను. చెరువు ఎక్కడ, ఎంత విస్తీర్ణం, సొంతమా లీజా, సీడ్ ఎప్పుడు వేశారు, ఏ కౌంట్‌లో పట్టుబడి చేశారు, ఏ రేటు వచ్చింది, ఏ రేటు అనుకున్నారు, పనివాళ్ళు ఎంతమంది, వాళ్ళకి ఎంత ఇవ్వలేకపోయారు. ఈ చివరి రెండు గళ్ళు ఖాళీగా వదలొద్దని బతిమాలుతున్నాను. నింపినవి ఒక జిరాక్సు వాళ్ళ దగ్గర, ఒకటి నా దగ్గర. కొన్ని పోగయ్యాక జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాం, ఎంపీకి ఒక కట్ట పంపుతాం. కాళ్ళ, ఆకివీడు, ఉండి, మొగల్తూరు వైపు వాళ్ళు ఎవరైనా ఆదివారం కాకుండా ఏ సాయంత్రమైనా కొట్టుకి రండి, రాయడం రాకపోతే నేను రాసిపెడతాను. ప్లాంటులో ఒలిచే పని పోయిన ఆడవాళ్ళకి వేరే ఫారం కావాలి. దాంట్లో ఏమేం అడగాలో వాళ్ళని అడిగి రాస్తున్నాను, వచ్చే వారానికి అవుతుంది.